కట్టుకున్న చేతులు

కామేష్ బాబుకి బాడీ లాంగ్వేజ్ తెలుసట. తను పనిచేసే బ్యాంకువాళ్లు మూడు రోజులు కూర్చోబెట్టి నేర్పారట. ఆ విద్యని ఒక ఆదివారం మా న్యూ టౌన్ అపార్ట్‌మెంట్ల హాల్లో, గార్డులకీ ఊడ్చేవాళ్లకీ కూడా పంచాడు. గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. ఛాతీ మీద చేతులు కట్టుకుంటే ఎదురుతిరిగినట్టట. చూపు దించితే ఏదో దాస్తున్నట్టట. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత సమోసాలున్నాయి మరి.

నేను అక్కడ ఊడ్చేవాణ్ణి. పేరు గురవయ్య. ఈ బెంగాలీవాళ్ల ఊరి కార్పొరేషన్‌లో ముప్పై నాలుగేళ్లు చీపురు పట్టి రిటైరయ్యాను. క్వార్టర్ ఖాళీ చేసిన నెలకే నా భార్య పున్నమ్మ పోయింది. ఈ పనితో పాటు పంపు గది పక్కన నాకో గది ఇచ్చారు. పని పోతే గది పోతుంది. గది పోతే నది అవతల షాలిమార్‌లో అల్లుడింట పడుండాలి. అత్తగారి పాడె మోయడానికి సెలవు దొరకలేదన్న ఘనుడు ఆ అల్లుడు.

హాల్లో పాఠం అయిన రెండు వారాలకి ఐదో అంతస్తు దత్తా మేడమ్ తడి నేల మీద జారింది. పడలేదు, జారింది. 'తడి నేల' అన్న బోర్డు పెట్టే ఉంది. ఆవిడ ఫోను చూసుకుంటూ బోర్డు దాటి వచ్చింది. వచ్చి నా మీద అరిచింది. నేను చేతులు కట్టుకుని, తల వంచుకుని నిలబడ్డాను. శ్రీకాకుళం దగ్గర మా ఊరి బడిలో నాకు గట్టిగా వచ్చింది అదొక్కటే. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే చేతులు కట్టుకోవాలి. ఎక్కాలు మరిచిపోయాను. అది మరవలేదు.

ఆవిడ కమిటీకి కాగితం రాసింది. గురవయ్య చేతులు కట్టుకుని నన్ను ధిక్కరించాడు, నా కళ్లలోకి చూడలేదు కాబట్టి తప్పు అతనిదే అని.

శనివారం నన్ను పిలిచారు. బల్లకి అవతల సెక్రటరీ సేన్ బాబు, దత్తా మేడమ్, కమిటీ సభ్యుడిగా కామేష్. ఇవతల నేను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. జేబులో పెడితే పొగరు. వెనక పెడితే దాపరికం. అవీ బొమ్మల్లో ఉన్నాయి. అటొకటి ఇటొకటి వేలాడేశాను, తీగ మీద ఆరేసిన చొక్కాలాగా.

"అలా ఎందుకు నిలబడ్డావు దాదా?" సేన్ బాబు బెంగాలీలో అడిగాడు.

"మర్యాదకి," అన్నాను, బెంగాలీలోనే.

దత్తా మేడమ్ నవ్వింది. "ఇదా మర్యాద? కామేష్‌దా, మీరే చెప్పండి. మీరూ ఆంధ్రావాళ్లే కదా."

కామేష్ పెన్ను తిప్పాడు. "జనరల్‌గా అయితే దాన్ని డిఫెన్సివ్ అనే అంటారు," అన్నాడు. రాజమండ్రిలో పుట్టి పెరిగినవాడు.

ఒళ్లు మండింది. అయినా అతనే చెప్పుకునే అవకాశం ఇద్దామని తెలుగులో అన్నాను.

"బాబూ, మొన్న మీ మాస్టారు ఊర్నించి వచ్చినప్పుడు లిఫ్టు కాడ మీరెలాగ నిలబడ్డారు? నానక్కడే తుడుస్తన్నాను. సేతులు కట్టుకొని, తలొంచుకొని, ఆయన లిఫ్టెక్కీవరకూ. అప్పుడేటి, మాస్టార్ని ధిక్కరించారా? ఆ ముక్క ఈళ్లకి సెప్పండి. మీరు సెప్తే ఇంటారు."

అతని మెడ ఎర్రబడింది.

"ఏమంటున్నాడు?" సేన్ బాబు అడిగాడు.

"సారీ చెబుతున్నాడు," అన్నాడు కామేష్ బెంగాలీలో. "ఇంకెప్పుడూ అలా నిలబడడట. పెద్దవాడు, వదిలేద్దాం."

దత్తా మేడమ్ ముఖం మెత్తబడింది. సేన్ బాబు ఫైలు మూశాడు. కామేష్ నావైపు చూసి సన్నగా తలూపాడు. నోరు మూసుకో, గది నీదే అని. అది అర్థం కావడానికి బొమ్మలు అక్కర్లేకపోయింది.

ఈ ఊళ్లో ముప్పై నాలుగేళ్లు బెంగాలీలోనే తిట్లు తిన్నాను. నాకు ఆ భాష వచ్చని అతనికి తెలుసు. తెలిసే నా ఎదుట అబద్ధమాడాడు. గది కోసం మింగేస్తాడులే అనుకున్నాడు.

"నేను సారీ చెప్పలేదు సేన్ బాబూ," అన్నాను. అన్న మాటలన్నీ బెంగాలీలో మళ్లీ చెప్పాను. మాస్టారితో సహా, లిఫ్టుతో సహా.

దత్తా మేడమ్ కామేష్‌ని చూసింది. కామేష్ బల్లని చూశాడు.

సేన్ బాబు గొంతు సవరించుకున్నాడు. కమిటీ సభ్యుణ్ణి అబద్ధాలకోరు అన్నందుకు రేపటి నుంచి పనిలోకి రావద్దన్నాడు. నా చేతుల సంగతి ఎత్తనేలేదు.

మర్నాడు పొద్దున పెట్టె పట్టుకుని గేటు దాటుతుంటే కామేష్ వెనకాలే వచ్చాడు.

"ఎందుకొచ్చిన గొడవయ్యా ఇది? నేను సర్దేశాను కదా. ఉండు, షాలిమార్‌కి క్యాబ్ పిలుస్తాను."

"మీరు పిలిసిన బండెక్కితే మీరు మంచోరని నానొప్పుకున్నట్టు," అన్నాను. "ఒప్పుకోను బాబూ."

బస్సు వచ్చింది. పెట్టె పైకి తోసి ఎక్కాను. అల్లుడు నాకు మంచం వరండాలో వేయిస్తాడు. మా అమ్మాయి రాణి మొగుణ్ణి ఏమీ అనలేదు, అనదు. అంతా తెలిసే ఎక్కాను.