దించకూడని చెయ్యి

చెయ్యి దించకూడదు. ఈ నౌకాదళ అకాడమీలో మొదటి వారం నుంచీ శిక్షకుడిగా నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పేది అదొక్కటే. ఎవరైనా నీళ్లలో పడితే, చూసినవాళ్లు అటువైపు చెయ్యి చాపి నిలబడాలి. అలల మధ్య మనిషి తల బంతంత కూడా కనబడదు. ఒక్కసారి చూపు తిప్పారా, ఇక దొరకడు.

అలాంటిది, ఆఖరి పరీక్షలో నా మేనకోడలే చెయ్యి దించింది. పడవలోంచి మనిషంత బొమ్మను నీళ్లలోకి తోశాం. పిల్ల చెయ్యి చాపింది. సరిగ్గా అప్పుడే అకాడమీ అధిపతిగారి లాంచీ పక్కనుంచి వెళ్లింది. ఈవిడగారు గిరుక్కున తిరిగి సెల్యూట్ కొట్టింది. మళ్లీ ఇటు తిరిగేసరికి బొమ్మ లేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. "అదే మనిషయితే వాళ్లమ్మకు ఏం చెప్తావు? సెల్యూట్ బాగా కొట్టానని చెప్తావా?"

"పోయిన నెల సెల్యూట్ ఆలస్యమైందని మైదానం చుట్టూ పరిగెత్తించారు సార్," అంది తలొంచుకుని. ఇంట్లోనే నేను మామయ్యను. ఇక్కడ సార్‌ని.

ఒడ్డుకు రాగానే అధిపతిగారు నవ్వుతూ ఎదురొచ్చారు. "ఆ అమ్మాయి క్రమశిక్షణ చూస్తే ముచ్చటేసిందయ్యా. పాస్ చేసెయ్."

"మనిషిని పోగొట్టింది సార్. ఫెయిల్."

"బొమ్మేగా!"

నా నోరు ఊరుకోదు కదా. "ఈసారి బొమ్మ బదులు మీరు దూకండి సార్. అప్పుడు తెలుస్తుంది, సెల్యూట్ కావాలో చూపు కావాలో."

ఆయన మొహం మాడిపోయింది. "రేపు మళ్లీ పెట్టు. నేనూ పడవెక్కుతా," అని వెళ్లిపోయారు.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "కాస్త చూసీ చూడనట్టు పోరా తమ్ముడూ. ఈ పరీక్ష తప్పితే తోటివాళ్లంతా ఓడలెక్కుతారు, అది ఏడాది వెనకబడుతుంది."

"చూడమనే కదక్కా దానికి నేర్పేది!" అని పెట్టేశాను.

మర్నాడు బొమ్మ నీళ్లలో పడింది. పిల్ల చెయ్యి చాపింది. అధిపతిగారు తాపీగా నడుచుకుంటూ వచ్చి, కావాలనే పిల్ల ఎదురుగా నిలబడి టోపీ సర్దుకున్నారు. అది మెడ అటూ ఇటూ చాచి చూసింది. చెయ్యి మాత్రం కదల్లేదు.

"నేను కనబడటం లేదా?" అన్నారాయన.

"మీరే కనబడుతున్నారు సార్, మనిషి కనబడట్లేదు. అడ్డం లేవండి!" అని అరిచింది.

ఆయన తప్పుకున్నారు. పడవ తిప్పి బొమ్మను పైకి లాగాం. పాస్ అని నేనే గట్టిగా చెప్పాను.

మధ్యాహ్నానికల్లా ఆయన ఉత్తర్వు వచ్చింది. పై అధికారి మీద అరిచినందుకు పిల్లను ఏడాది వెనక్కి వేశారు. ఆయన గదిలోకి వెళ్లి నోరు నొప్పెట్టేదాకా వాదించాను. ఉత్తర్వు మాత్రం మారలేదు.

అక్కకు చెబితే నన్నే తిట్టిపోసింది. తిట్టనిచ్చాను. ఆ బ్యాచ్‌లో అధికారి అడ్డొచ్చినా చెయ్యి దించని పిల్లను ఒడ్డున కూర్చోబెట్టారు. ఓడలెక్కుతున్న మిగతావాళ్లంతా సెల్యూట్ బ్రహ్మాండంగా కొడతారు. నీళ్లలో పడ్డవాణ్ణి ఇక దేవుడే చూసుకోవాలి.