రోజుకొక క్లిప్పు

పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని తోటలోకి వెళ్ళడం, వలకున్న క్లిప్పుల్లో ఒక్కటంటే ఒక్కటి తియ్యడం, చెవి ఒగ్గి వినడం, గ్లాసు ఖాళీ అయ్యాక ఇంట్లోకి వచ్చి తలుపేసుకోవడం. ఆరు నెలలుగా తోటావిడకి ఇదే పని. మధ్యాహ్నం ఏం తిన్నదో, అసలు తిన్నదో లేదో, సాయంత్రానికి ఆవిడకే గుర్తుండేది కాదు.

ఎనిమిది వరసల ఆపిల్ చెట్లు. కాయ రంగు తిరిగే ముందు పిట్టలు పడకుండా వరస వరసకీ వల కప్పి, రెండు అంచులూ కొమ్మల కిందికి లాగి, మూరకొక క్లిప్పు పెట్టి బిగించాలి. క్లిప్పంటే పెద్ద యంత్రమేం కాదు, అగ్గిపెట్టెంత నల్ల ప్లాస్టిక్ ముక్క. నోరు తెరిస్తే లోపల చిన్న చిన్న పళ్ళు. వల అంచులు ఆ నోట్లో పెట్టి రెండు వేళ్ళతో నొక్కితే టక్కుమని మూసుకుంటుంది. పెట్టినప్పటి నుంచి తర్వాతి క్లిప్పు పెట్టేదాకా, చివరిదైతే ఆ రోజు పొద్దు గూకేదాకా, ఆ పక్కన ఎవరేం మాట్లాడినా లోపల దాచుకుంటుంది. మళ్ళీ తీసేదాకా వదలదు, తీస్తే ఒక్కసారి వినిపించి ఖాళీ అయిపోతుంది.

తోటల్లో పనిచేసేవాళ్ళకి ఇది తెలిసిన సంగతే. వల కట్టే రోజుల్లో నోరు అదుపులో పెట్టుకుంటారు. ఒక ఏడు పక్క తోట అన్నదమ్ములు వల కడుతూ పెద్దవదిన వంట గురించి ఏదో అనుకున్నారు. వల దించే రోజు క్లిప్పులు తీసింది ఆ పెద్దవదినే. తర్వాత ఏం జరిగి ఉంటుందో చెప్పక్కర్లేదు. క్లిప్పులమ్మే కొట్టతను కూడా పాతవి వెనక్కి తీసుకునేటప్పుడు ఒక్కొక్కటీ తెరిచి, ఖాళీ అయితేనే డబ్బాలో వేసుకుంటాడు.

కోత అయిపోగానే ఎవరైనా వల దించేస్తారు. తోటావిడ దించలేదు. కోతకొచ్చిన కూలీలని వరస చివర సందులోంచి దూరమంది. "క్లిప్పు మీద చెయ్యి పడిందో, ఊరుకోను" అంటూ వాళ్ళ వెనకే తిరిగింది. ఆ వల కట్టింది ఆయన. ఆయన పోయి పది నెలలు. ఆయన గొంతు ఇంకెక్కడా మిగల్లేదు.

ఆయనేమన్నా మాటకారా అంటే అదీ కాదు. ఒక రోజు క్లిప్పు తీస్తే దగ్గు. ఇంకో రోజు "అబ్బా, నడుం." మరో రోజు సగం పాట, అదీ రాగం తప్పి. మంచు పట్టిన ఒక పొద్దున మాత్రం "ఏమోయ్, ఆ నిచ్చెన ఇటు జరుపు" అని ఆయన గొంతూ, "నాకేం నాలుగు చేతులున్నాయా?" అని తన గొంతూ వచ్చాయి. ఆ రోజు ఆవిడ టీ చల్లారిపోయేదాకా అక్కడే నిలబడింది. ఆ మాటకు ఇప్పుడు ఇంకోలా బదులు చెప్పాలనిపించింది. చెప్పింది కూడా. వినేవాళ్ళు లేరు.

రోజుకొకటి చొప్పున తీసుకుంటూ పోతే అన్నీ అయ్యేసరికి నాలుగేళ్ళ పైనే పడుతుంది. ఆవిడ లెక్క అది. మొదటి వరస నుంచి మొదలుపెట్టింది. ఎనిమిదో వరస వైపు కన్నెత్తి చూసేది కాదు.

ఎనిమిదో వరస కట్టిన రోజే, ఆ వరస చివరే, గుండెపోటొచ్చి ఆయన పోయాడు. ఆ పొద్దున తను పదిహేడు క్లిప్పులు పెట్టింది. వెనక్కి తిరిగి చూస్తే ఆయన ఒక్కొక్కటీ తీసి, తిప్పి, వాన నీళ్ళు లోపలికి పోకుండా నోరు కిందికి వచ్చేలా మళ్ళీ పెడుతున్నాడు. ఆవిడ ఒంటికాలి మీద లేచింది. "ఇరవై ఆరేళ్ళుగా పెడుతున్నా, నాకు క్లిప్పు పెట్టడం రాదా? మీరే పెట్టుకోండి" అని చేతిలో ఉన్నవి గడ్డిలో పారేసి ఇంటికి వచ్చేసింది. వచ్చి, కావాలనే రేడియో గట్టిగా పెట్టుకుంది. ఆ హోరులో ఆయన పిలిచారా? పిలిస్తే తను వినలేదా? పది నెలలుగా ఆవిడని తినేస్తున్న ప్రశ్న అదొక్కటే. జవాబు ఎనిమిదో వరస చివరి క్లిప్పులో ఉంది. అందుకే ఆ వరసని ఆవిడ చిట్టచివరికి వదిలేసుకుంది.

చలి తగ్గింది. కొమ్మలకి మొగ్గలు ఉబ్బాయి. కొన్ని చిగుళ్ళు వల కన్నాల్లోంచి బయటికి పొడుచుకొచ్చాయి. ప్రతి ఏడూ పూత వేళకి తేనెటీగల పెట్టెలు తెచ్చే మనిషి, అందరూ పెట్టెలావిడ అని పిలిచే మనిషి, తన బండిని గేటు ముందు ఆపి, వలని చూసి నోరు తెరిచింది.

"అదేంటక్కా, ఇంకా దించలేదా? వారంలో పూత విచ్చుకుంటుంది. ఈ వల్లోకి ఈగ ఎలా దూరుతుంది?"

"ఈ ఏడు కాయ లేకపోతే లేకపోయింది."

"కాయ సంగతి సరే. చిగుళ్ళు వల్లో చిక్కుకుంటే రేపు లాగినప్పుడు కొమ్మలన్నీ విరుగుతాయి. చెట్లే పోతాయక్కా. ఆయన చేత్తో పెట్టిన చెట్లు."

ఆయన గొంతు దాచుకోవాలంటే ఆయన చెట్లు పోతాయి. చెట్లు దక్కాలంటే నాలుగేళ్ళ గొంతు రెండు రోజుల్లో అయిపోతుంది. తోటావిడ వాకిట్లో నిలబడి చాలాసేపు కొంగు వేలికి చుట్టుకుంది, విప్పుకుంది.

"నేనూ ఒక చెయ్యి వేస్తాను" అంది పెట్టెలావిడ. "నువ్వు ఇటు నుంచి రా. ఎనిమిదో వరస నేను చూసుకుంటా."

"అదేం? అది నేనే తీస్తా."

"నీకెందుకక్కా శ్రమ..."

"ఏం, నీకు అందులో ఏం పని?"

పెట్టెలావిడ బండి వైపు తిరిగి పెట్టెల తాళ్ళు సరిచూసుకుంది. ఆయన పోయిన రోజు, పెట్టెల అద్దె కోసం వచ్చి, ఆయన్ని ముందు చూసింది ఆవిడే. తను వచ్చేసరికే ఆయన ప్రాణం పోయిందని అందరికీ చెప్పింది. అంతకు మించి ఎవరెంత అడిగినా ఒక్క ముక్క చెప్పలేదు.

రెండు రోజులు ఇద్దరూ చెరో పక్కా నిలబడి క్లిప్పులు తీశారు. టక్, టక్, టక్. తోటంతా ఆయనే. ఈ చెట్టు కింద దగ్గుతున్నాడు, ఆ చెట్టు కింద పిట్టల్ని తిడుతున్నాడు, ఇంకో చోట ఎక్కడిదాకా లెక్కపెట్టాడో మరిచిపోయి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడుతున్నాడు. ఆపుకోలేక పెట్టెలావిడ పకపకా నవ్వింది. తోటావిడకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చి, ముక్కు చీదుకుంటూ తీసింది. దాచుకున్నదంతా చేతుల్లోంచి జారిపోతుంటే ఆవిడకి భయమేసింది.

మూడో రోజు మధ్యాహ్నం ఎనిమిదో వరసకి వచ్చారు. తను పెడితే ఆయన మార్చిన పదిహేడు క్లిప్పుల్లోంచి, "బాగానే పెట్టింది పాపం. నాదే చాదస్తం" అని గొణుగుడు వినిపించింది. "ఆ మాట నా మొహాన అంటే మీ సొమ్మేం పోయేది!" అంది తోటావిడ.

చివరికి ఒక్కటి మిగిలింది. తోటావిడ చెయ్యి చాపింది. పెట్టెలావిడ ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దక్కా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఆయన నన్ను పిలిచారు కదూ? చెప్పు. పిలిచారు, నేను రాలేదు. అంతేనా?"

పెట్టెలావిడ కళ్ళు దించుకుని చెయ్యి వదిలేసింది. తోటావిడ రెండు వేళ్ళతో నొక్కింది. క్లిప్పు నోరు తెరుచుకుంది.

ముందు వచ్చింది పెట్టెలావిడ గొంతు, ఆయాసపడుతూ. "కదలకు బావా. ఫోన్ చేశాను, ఆస్పత్రి బండి వస్తోంది. అక్కని పిలుస్తానుండు."

"వద్దు." ఆయన గొంతు చాలా సన్నగా ఉంది. "పొద్దున్నుంచి కోపంగా ఉంది. ఒక్క పిలుపుకి రాదు. తర్వాత జన్మంతా దాన్నే తవ్వుకుంటుంది. పిలవలేదనుకో, నన్ను తిట్టుకుంటుంది. అది నయం."

"అవేం మాటలు బావా?"

"ఈ క్లిప్పు నువ్వే తీసెయ్, తల్లీ. తన చేతికి రానివ్వకు." కాసేపు ఊపిరి చప్పుడు. "నోరు కిందికే ఉందా?"

"ఉంది బావా."

ఆ తర్వాత గాలి, ఆకుల గలగల, దూరంగా రేడియోలో ఎవరో పొద్దు గూకే వేళ వార్తలు చదువుతున్న గొంతు. అంతే.

"మూడుసార్లు వచ్చానక్కా, తీసేద్దామని" అంది పెట్టెలావిడ, కళ్ళు తుడుచుకుంటూ. "చెయ్యి రాలేదు. పోయిన మనిషి మాటని గాల్లో పారెయ్యడానికి నేనెవర్ని?"

తోటావిడ గడ్డిలో చతికిలబడింది. పిలిస్తే వచ్చేదా తను? నిజం చెప్పుకోవాలంటే, మొదటి పిలుపుకి వచ్చేది కాదు. రెండోదానికి రేడియో తగ్గించేది.

"మూడో పిలుపుకి వచ్చేదాన్ని" అంది.

"నాకు తెలుసక్కా."

"ఆయనకి తెలీదా మరి? ఇరవై ఆరేళ్ళు కాపరం చేసి ఆ మాత్రం తెలీదా?" ఆవిడ గొంతు లేచింది. "ఏమండీ! ఎవరిని అడిగి అంత నిర్ణయం తీసుకున్నారు? నేను ఏడుస్తానో, మానేస్తానో మీకెందుకు? మూడుసార్లు పిలవడానికి నోరు నొచ్చిందా? క్లిప్పు నోరు కిందికి ఉందో లేదో అడగడానికి ఓపికుంది, నన్ను పిలవడానికి లేదా? చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చేదాన్ని కదండీ, మూడోసారికి!"

పది నెలలుగా ఆవిడ తిట్టిందంతా తనని తనే. ఇప్పుడు ఆయన్ని తిడుతోంది. చాదస్తం నుంచి మొదలుపెట్టి, మరమ్మతు చేస్తానని చెయ్యని కిటికీ, పెళ్ళైన కొత్తలో మరిచిపోయి స్టేషన్లో తనని వదిలేసి రైలెక్కడం, ఒక్కటీ వదల్లేదు. పెట్టెలావిడ పక్కనే కూచుని ఊఁ కొట్టింది. మధ్యలో ఒకసారి లేచి వెళ్ళి పెట్టెల మూతలు తెరిచి వచ్చింది. మళ్ళీ కూచుంది.

పొద్దు వాలే వేళకి తోటావిడ గొంతు బొంగురుపోయింది. ఆగి, ఒళ్ళో పడి ఉన్న చేతులు చూసుకుంది. కడుపులో ఏదో మెలిపెట్టినట్టయింది. అదేమిటో పోల్చుకోవడానికి కాస్త టైం పట్టింది.

"ఆకలేస్తోందే" అంది ఆశ్చర్యపోతూ.

"ఇంట్లో ఏమన్నా ఉందా అక్కా?"

"ఏం లేదు, వండాలి. లే, నువ్వూ తిందువుగాని."