బయటివైపు గడియ

నేను ఒక ఇనుప గడియను. జానెడు పొడవు, వేలెడు లావు. తణుకులో ఒక ఇనుప సామాన్ల కొట్లో మేకుకు వేలాడుతున్న నన్ను త్రిమూర్తులుగారు కొని, తమ స్నానాలగది తలుపుకు లోపలివైపు బిగించారు. హాయైన ఉద్యోగం. బయట మహా గంభీరంగా తిరిగే మనుషులు నన్ను వేసుకోగానే గొంతెత్తి పాడేవారు. లోపలున్నవాళ్ళకు ధైర్యం చెప్పడమే గడియ పని అనుకునేదాన్ని.

ఆయన తల్లి మాణిక్యమ్మగారికి మతిమరుపు జబ్బు ముదిరాక ఆ భ్రమ పోయింది.

పగలంతా ఆవిడ బుద్ధిగా కూర్చుని గోంగూర కాడలు తుంచేది. పొద్దు వాలిందంటే చాలు, మనిషి మారిపోయేది. చీరలు మూట కట్టుకుని, "దూడ అరుస్తోందిరా అబ్బాయ్, పాలు తియ్యాలి. మా ఇంటికి పోతాను" అని గుమ్మం పట్టేది.

"ఇదే మనిల్లమ్మా! ఆ గేదెనమ్మేసి ఎన్నేళ్ళయిందో తెలుసా?" అని కొడుకు వాదించేవారు. వాదించేకొద్దీ ఆవిడ రెచ్చిపోయి ఆయన్ని రక్కేది. జబ్బుతో వాదించి గెలవాలని చూసేంత పట్టుదల మనిషికే ఉంటుంది.

సందెవేళ వీధి తలుపు మూసేస్తే సగం గొడవ తీరేది. కానీ అది లక్ష్మి వచ్చే వేళ కదా! కోడలు మంగతాయారు గడప దగ్గర దీపం పెట్టి తలుపులు బార్లా తీసేది. ఒకరోజు ఆ తలుపులోంచే మాణిక్యమ్మగారు వెళ్ళిపోయింది. లారీలు తిరిగే రోడ్డు మధ్యలో దొరికింది.

మర్నాడు త్రిమూర్తులుగారు నన్ను ఊడదీసి, తల్లి గది తలుపుకు బయటివైపు బిగించారు. వీధి తలుపు మాత్రం ఎప్పటిలాగే తెరిచి ఉంచారు. రావలసిన దేవత కోసం ఒక తలుపు, పోకూడని తల్లి కోసం ఒక తలుపు. నాకు ఒళ్ళు మండింది.

రోజూ సందెవేళ ఆవిడ అరచేతులతో తలుపు బాదేది. ఆ దెబ్బలన్నీ నాకే తగిలేవి. ఆయన టీవీ సౌండు పెంచేవారు.

ముసురు పట్టిన ఒక శుక్రవారం మంగతాయారు పక్కింటికి పేరంటానికి వెళ్ళింది. పొద్దు వాలింది. బాదుడు మొదలైంది. కాసేపటికి ఉన్నట్టుండి ఆగిపోయింది. "పడుకున్నట్టుంది" అని త్రిమూర్తులుగారు నిట్టూర్చి, టీవీ సౌండు తగ్గించారు.

ఆ నిశ్శబ్దం నాకు నచ్చలేదు. చెక్క సందులోంచి కర్పూరం వాసన వచ్చింది, ఆ వెనకే గుడ్డ కాలిన వాసన. నా మరలు వెచ్చబడ్డాయి. అరవడానికి నాకు నోరు లేదు. ఆయన చూపు టీవీ మీదే ఉంది.

కుంకుమ పొట్లంతో గుమ్మంలో అడుగుపెట్టిన మంగతాయారుకు ముందుగా పొగ కనిపించింది. "అత్తయ్యా!" అంటూ పరుగెత్తుకొచ్చి నన్ను లాగింది. వానలకు తలుపు ఉబ్బి నేను బిగుసుకుపోయి ఉన్నాను. పట్టుకోవడం తప్ప నాకు ఇంకో విద్య రాదు. మొగుడూ పెళ్ళామూ కలిసి లాగినా కదల్లేదు. చివరికి ఆమె వంటింట్లోంచి పచ్చడిబండ తెచ్చి నన్ను మోదింది. వంగిపోయి ఊడాను.

తలుపు తెర భగభగ మండుతోంది. మూలన మాణిక్యమ్మగారు, కాలిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దేవుడి గూట్లోంచి ఎప్పుడు తీసి దాచిందో, పక్కనే కర్పూరం పొట్లం, అగ్గిపెట్టె.

"దీపం పెట్టేశానమ్మాయ్. ఇంక తలుపు తియ్యండి" అంది.

దీపం పెడితే తలుపు తీస్తారు. అన్నీ మరిచిన ఆ మనిషికి ఆ ఒక్కటి గుర్తుంది.

ఆ తర్వాత నన్ను మళ్ళీ బిగించలేదు. పనిముట్ల డబ్బాలో పడేశారు. అక్కడినుంచే వినేదాన్ని. పొద్దు వాలకముందే మంగతాయారు వీధి తలుపు మూసేసేది. "లక్ష్మికి కావాలంటే తలుపు కొట్టి వస్తుందిలెండి" అనేది మొగుడితో. అత్తగారు మూట కట్టుకుంటే, "పదండత్తయ్యా, దూడని చూసొద్దాం" అని చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా నడిపించి, "వచ్చేశాం, మనిల్లు" అంటూ తీసుకొచ్చేది. ఆవిడ కాళ్ళు కడుక్కుని అన్నం తినేది. ఆవిడ కన్నుమూసేదాకా అలాగే జరిగింది.

ఏళ్ళు గడిచాయి. నిన్న త్రిమూర్తులుగారు మేకు కోసం డబ్బా వెతుకుతూ నన్ను పైకి తీశారు.

"మంగా, ఏంటిది?"

"గడియండీ. అత్తయ్యగారి గదిది."

ఆయన తలూపి నన్ను అటూ ఇటూ తిప్పారు. "ఏంటిది?" అని మళ్ళీ అడిగారు. బయట పొద్దు వాలుతోంది.

"చీకటి పడుతోంది. మనింటికి పోదాం పద" అన్నారాయన.

ఆమె ఆయన పిడికిట్లోంచి నన్ను మెల్లగా విడిపించుకుని, వీధిలో పోతున్న పాతసామాన్ల బండిలో పడేసింది. బండివాడు డబ్బులివ్వబోతే వద్దంది.

బండి కదిలింది. ఆ వీధి మలుపులోనే ఇనుప సామాన్ల కొట్టు. గుమ్మానికి నాలాంటివి కొత్తవి, మెరుస్తూ వేలాడుతున్నాయి. వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది.

"చెప్పులేసుకోండి. వెళ్దాం."