అమ్మ నోట్లో ఆల్చిప్ప

కొడుకు పెళ్లయిన ఆరేళ్లకు తోమాసా మొదటిసారి అతని కాపురం చూడటానికి కొండల మీది పోమబాంబ నుంచి చింబోతె రేవుకు దిగివచ్చింది. వీపున కట్టుకున్న ఉన్ని దుప్పటిలో వేయించిన మొక్కజొన్నలు, ఒక కుండెడు తోకోష్. బంగాళాదుంపల్ని నెలల తరబడి పారే నీటి గుంటలో మురగబెట్టి తీస్తారు దాన్ని. కొడుక్కి చిన్నప్పుడు దాంతో కాచే జావంటే ప్రాణమని ఇంత దూరం మోసుకొచ్చింది.

గుమ్మంలో అడుగుపెట్టగానే కోడలి తమ్ముడు రెనాన్ ముక్కు మూసుకున్నాడు.

"ఏంటి బావా, మీ అమ్మ పీనుగునేమైనా మూటగట్టి తెచ్చిందా?"

అందరూ నవ్వారు. అందరికంటే ముందు ఆవిడ కొడుకు ఫౌస్తినో నవ్వాడు. ఇల్లరికం వచ్చిన కొత్తలో పచ్చిచేప తిని పెరట్లో కక్కుకున్నప్పటి నుంచీ వాళ్లకి అతను 'కొండమేక'. ఇప్పుడు వాళ్లకంటే ఎక్కువ కారం వేసుకుని, గిన్నె అడుగున మిగిలే పుల్లటి రసం కూడా ఎత్తి తాగుతాడు. ఆ రసాన్ని అక్కడ పులిపాలంటారు. ఎన్ని పులిపాలు తాగినా మేక పేరు మాత్రం పోలేదు. మామ బల్తసార్ తన చేపల పడవలో పనిస్తానని ఏటా అంటాడు, ఏటా మరిచిపోతాడు. ఫౌస్తినో చేపపిండి ఫ్యాక్టరీలో గోతాలు మోస్తూనే ఉన్నాడు.

ఆదివారం పెరట్లో బల్ల వేశారు. బల్తసార్ చేపను ముక్కలు కోసి, ఉప్పూ ఉల్లిపాయా మిరపకాయా వేసి నిమ్మకాయలు పిండుతున్నాడు. సాయం చేద్దామని తోమాసా చుట్టుపక్కల పుల్లలు ఏరి తెచ్చింది.

"కూర్చో చెల్లెమ్మా, వంటైపోయింది."

"పొయ్యే వెలిగించలేదు కదన్నయ్యా," అంది తోమాసా, వచ్చీరాని స్పానిష్‌లో.

"నిమ్మరసమే మా పొయ్యి."

ఆవిడ గిన్నెలోకి తొంగిచూసింది. ఇంకా మెరుస్తున్న ముక్కల్ని చూసి, ఏ కల్మషమూ లేకుండా అంది: "మా ఊళ్లో పచ్చిది కుక్కలక్కూడా పెట్టం."

బల్తసార్ చేతులు తుడుచుకుని అల్లుడి వైపు తిరిగాడు.

"విన్నావా అల్లుడూ? ఆరేళ్లుగా నీకు కుక్కకూడే పెడుతున్నామట."

"ఆవిడకి తెలీదు మామయ్యా."

"తెలీకపోతే తెలిసేలా చెయ్యి బావా," అంటూ రెనాన్ బకెట్లోంచి ఓ ఆల్చిప్ప తీసి, కత్తితో విప్పి, నిమ్మరసం పిండాడు. లోపలి మాంసం ఒక్కసారి ముడుచుకుని కదిలింది. తోమాసా శిలువ గుర్తు వేసుకుంది.

"నీ చేత్తో నువ్వే తినిపించు. తిందనుకో, నాన్న నిన్ను పడవెక్కిస్తాడు. ఏం నాన్నా?"

"ఎక్కిస్తా. మేరీమాత మీద ఒట్టు."

"పెద్దావిడ, పోనీండి," అంది ఫౌస్తినో భార్య నెలిదా. అంటూనే నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కుంది.

ఫౌస్తినో చిప్ప అందుకుని తల్లి ముందు వంగి, తమ కొండవాళ్ల భాష కెచువాలో మెల్లగా అన్నాడు.

"నోరు తెరువమ్మా. ఒక్కటే. నా కోసం."

ఆవిడ చిప్పను చూడలేదు, కొడుకు మొహం చూసింది. ఏం కనిపించిందో, నోరు తెరిచింది. అతను వేలితో మాంసాన్ని లోపలికి తోశాడు. నమలడం ఆవిడ వల్ల కాలేదు. కళ్లనీళ్లు కారుతుండగా అలాగే మింగింది. రెనాన్ బల్ల మీద దరువేశాడు.

"దానికింకా ప్రాణం ఉందిరా నాన్నా," అంది కెచువాలో. "గొంతులో కదిలింది."

"ఏమంటోంది?" అని అడిగాడు బల్తసార్.

అందరూ తన మొహంలోకే చూస్తున్నారు. ఆ ఇంట్లో అతని మాట కోసం ఎవరైనా ఎదురుచూడటం అదే మొదలు.

"బాగుందట మామయ్యా. ఇంకోటి కావాలట."

పెరడంతా గొల్లుమంది. రెనాన్ అప్పటికే ఇంకోటి విప్పుతున్నాడు. ఫౌస్తినోకి చెయ్యి వెనక్కి తీసుకునే దారి లేకపోయింది. రెండోదాన్నీ తల్లి నోట్లో పెట్టాడు. ఈసారి ఆవిడ అతని మొహం చూడలేదు.

"మగాడివనిపించుకున్నావు," అని వీపు చరిచాడు మామ. "ఇక ఆ కుండ అవతల పారబొయ్యి. ఆ కంపుకి నాకు కడుపులో తిప్పుతోంది."

ఫౌస్తినో కుండెత్తుకెళ్లి తోకోష్‌ను వీధికాలవలో వంచేశాడు. కుళాయి దగ్గర కక్కుకుని నోరు కడుక్కుంటున్న తోమాసా తలెత్తి చూసి, మళ్లీ నీళ్లు పుక్కిలించింది.

వారం ఉందామని వచ్చిన మనిషి మర్నాడు పొద్దున్నే బయల్దేరింది. మూట అందుకోబోతే ఇవ్వలేదు. బస్టాండ్‌లో ఫౌస్తినో పడవ సంగతి చెప్పాడు, బుధవారమే ఎక్కుతున్నానన్నాడు. పండక్కి మళ్లీ రమ్మన్నాడు. అన్నీ కెచువాలోనే చెప్పాడు.

ఆవిడ మాటలు కూడదీసుకుని స్పానిష్‌లో జవాబిచ్చింది, కౌంటర్లో గుమాస్తాతో మాట్లాడినట్టు.

"చాలా సంతోషమండి. మీ ఇంట్లో వాళ్లందరికీ నా దండాలు చెప్పండి, బాబుగారూ."

బస్సెక్కి అటు పక్క కిటికీ దగ్గర కూర్చుంది. బస్సు కదలగానే అతను వెంట నడుస్తూ "అమ్మా" అని కెచువాలో గట్టిగా పిలిచాడు. టికెట్ల వరసలో నిలబడ్డ రేవు జనం తిరిగి చూశారు. ఫౌస్తినో చప్పున నోరు మూసుకుని, ఆ పిలిచింది తను కానట్టు పక్కనున్న సిగరెట్ల బడ్డీ వైపు నడిచాడు.