మావయ్యగారి ఖాకీ సంచి

శనివారం పొద్దున ఆ ఇంట్లో వీధి తలుపు కన్నా ముందు వంటింటి అలమర తెరుచుకుంటుంది. కోడలు ఒక్కొక్క డబ్బా దించి, మూత తీసి, కుదిపి చూసి, ఉన్నదెంతో చెబుతుంది. తొమ్మిదేళ్ళ మనవరాలు కింద చతికిలపడి కాగితం మీద రాస్తుంది. బియ్యం, డబ్బా అడుగున నాలుగు వేళ్ళ మందం. బీన్స్ గింజలు ఒక గ్లాసు. అర క్యాబేజీ, అంచులు కాస్త వాడినవి. మూడు బంగాళాదుంపలు, వాటిలో ఒకటి మొలకెత్తి ఎవరినో వేలెత్తి చూపిస్తున్నట్టుంది.

"సోమవారం క్యాబేజీ," అంది కోడలు.

"మళ్ళీ క్యాబేజీయేనా? మొన్నేగా తిన్నాం!"

"మొన్న తిన్నది మొదటి సగం. ఇది రెండో సగం. రెండూ ఒకటెలా అవుతాయే? రాయి."

అలా ఏడు రోజులకీ, రెండేసి పూటలకీ ఏం వండాలో తేలాక ఆ కాగితం అలమర తలుపుకి అంటుకునేది. ఇంట్లో లేనివి మాత్రం ఇంకో చీటీలోకి ఎక్కేవి. ఆ చీటీని మడిచి, మేకుకి వేలాడే ఖాకీ సంచి జేబులో పెట్టి బొత్తాం పెడితే ఇక బజారుకి బయల్దేరడమే.

సంచికి జేబేమిటంటారా, అది ఒకప్పుడు ప్యాంటు. మావయ్యగారిది. ఆయన ధాన్యం గిడ్డంగిలో ముప్పై రెండేళ్ళు కాటా దగ్గర కూర్చున్న మనిషి. గింజ ఎక్కువ పోనిచ్చింది లేదు, గింజ తక్కువ రానిచ్చింది లేదు. ఇంట్లోనూ అదే తీరు. చీటీలో రాసినవి తెచ్చేవారు, రాయనివి తెచ్చేవారు కాదు. కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో అత్తగారు ఒక కమలాపండు తెమ్మని నోటితో చెబితే, సాయంత్రం ఖాళీ చేతులు చూపించి "చీటీలో లేదే" అన్నారట. ఆ మాటని ఆవిడ నలభై ఏళ్ళు భద్రంగా దాచుకుంది. ఆయన పోయాక, గట్టి గుడ్డ కదా అని ఆ ఖాకీ ప్యాంటు కత్తిరించి సంచి కుట్టింది. గుడ్డతోపాటు ఆయన పట్టుదల కూడా సంచిలోకి వచ్చేసింది.

చీటీలో లేనిది వేయబోతే సంచి మూతి బిగించేసేది. రాసిన దానికన్నా ఎక్కువ వేస్తే బస్తాలా బరువెక్కి కొట్టు ముందు కూర్చుండిపోయేది. కిరాణా కొట్టాయన తూచిన పంచదారలో ఒక చెంచా ఎక్కువ పడినా కదిలేది కాదు. "ఏమ్మా, మావయ్యగారు ఒప్పుకోలేదా?" అని ఆయన ఆ చెంచాడూ వెనక్కి తీసుకునేవాడు. వెనకాల వరుసలో ఉన్నవాళ్ళు కూడా విసుక్కునేవాళ్ళు కాదు, పెద్దాయన సంగతి వాళ్ళకీ తెలిసిందే. ఒకసారి మనవరాలు చాక్లెట్టు ఒకటి అడుగున దూర్చబోతే సంచి దాన్ని బల్లమీదకి ఉమ్మేసింది. పిల్ల నెలరోజులు తాతయ్యతో మాట్లాడలేదు.

ఆ సంచితో కోడలికి ఇంతగా పనిపడింది ఈ నాలుగు నెలల్లోనే. ఆమె మొగుడు ప్రింటింగ్ ప్రెస్సులో కాగితాలు కోసే మిషను నడుపుతాడు. ప్రెస్సుకి పనులు తగ్గి జీతం సగమైంది. ఆ రోజు అతను భార్యతో, "సరుకుల ఖర్చు ఈ డబ్బులో ఇమడకపోతే అమ్మని కొన్నాళ్ళు అక్కయ్య దగ్గరికి పంపుదాం" అన్నాడు. అక్కయ్యది వేరే ఊరు. ఇల్లు పెద్దదే గానీ, ఆ ఇంట్లో ముసలావిడ నవ్వగా ఎవరూ చూడలేదు.

గోడకి ఇవతల ఊలు చుడుతున్న అత్తగారు ఆ మాట విని, ఉండ అక్కడే వదిలేసి మెల్లగా పెరట్లోకి వెళ్ళిపోయింది. ఇంకొక్క నిమిషం కూర్చుని ఉంటే కోడలి జవాబు కూడా చెవిన పడేది. "ఇమిడ్చి చూపిస్తాను. అత్తయ్య ఎక్కడికీ వెళ్ళరు" అంది కోడలు. అలమర తలుపు మీద కాగితం అంటుకున్నది ఆ పంతంతోనే. పాపం, అత్తగారికి ఆ సగం తెలియదు. తన మూలంగా సరుకులు పెరగకూడదు, పెరిగితే తను పెట్టె సర్దుకోవాలి, అంతవరకే ఆవిడకి తెలుసు.

ఆ ఇంట్లో అందరూ కలిసి తినే వీలు లేదు. కొడుకుది తెల్లవారుజాము షిఫ్టు. పిల్లది బడి వేళ. కోడలు మధ్యాహ్నం దాకా లాండ్రీలో ఇస్త్రీ చేసి, అలిసిపోయి వచ్చి తింటుంది. అత్తగారికి ఇది బాగా కలిసొచ్చింది. పిల్లతో "మీ అమ్మతో తింటాలే" అనేది. కోడలితో "పిల్లతో తినేశానమ్మాయ్" అనేది. కొడుకు అసలు అడగడు. అమ్మ తినే ఉంటుందని అతని గట్టి నమ్మకం, చాలామంది కొడుకుల్లాగే. ఆవిడ మాత్రం పొద్దున కాసిన్ని టీనీళ్ళు, మధ్యాహ్నం గిన్నె అడుగున గీకిన చారెడు అన్నం, అంతటితో సరిపెట్టుకుని, పైన మందపాటి స్వెట్టరు వేసుకు తిరిగేది.

ఆవిడ తినంది ఎక్కడికి పోతుంది? గిన్నెల్లో మిగిలి, మర్నాటి వంటలో ఆ మేరకు తగ్గేది. శనివారం కోడలు డబ్బా కుదిపి మురిసిపోయేది. "చూశావుటే, బియ్యం కిలో మిగిలాయి! ఈ వారం కిలో తగ్గించి రాయి." చీటీ వారం వారం చిక్కిపోతూ వచ్చింది. సంచి కిక్కురుమనకుండా మోసుకొచ్చేది. సంచి ఒప్పుకుందంటే లెక్క సరేనని ఆ ఇంట్లో నమ్మకం, దాని మీద అప్పీలు లేదు. మూడు నెలలు వరసగా డబ్బు సరిపోవడమే కాదు, చిల్లర కూడా మిగిలింది. ఆ చిల్లర చూసి కోడలు ఎంత పొంగిపోయిందో! అత్తయ్య ఇక్కడే ఉంటారన్న ధైర్యం ఆమెకి ఆ నాలుగు నాణాల్లోనే కనబడింది.

నాలుగో నెలలో ఒక శుక్రవారం మధ్యాహ్నం సంచి పిడి పిగిలింది. అత్తగారు సూదీ దారం తీసుకుని, దాన్ని కుట్టి, పిడి గట్టిగా లాగి చూసింది. ఆ కాస్త పనికే నీరసం వచ్చింది. ఎండ కాసే పెరటి మెట్టు మీద కాసేపు కూర్చుందామనుకుంది గానీ చలికాలపు ఎండకి మెట్టు వేడెక్కలేదు, చల్లగానే ఉంది. సంచినే నాలుగు మడతలు పెట్టి కింద వేసుకుని కూర్చుంది. అలా ఓ గంట కునుకు తీసి, లేచి, దులిపి, మళ్ళీ మేకుకి తగిలించింది.

మర్నాడు కోడలు బజారుకి వెళ్ళింది. కిరాణా కొట్టులో మామూలుగా బీన్స్ గింజలు పోయబోతే సంచి మూతి బిగించుకుంది.

"చీటీలో ఉన్నాయండీ," అంది కోడలు. జేబు బొత్తాం తీసి చీటీ చూపించింది కూడా. సంచి వినలేదు.

కొట్టాయన తల గోక్కున్నాడు. "ముందు మిగతావి చూసుకురా అమ్మా. పెద్దాయన మనసులో ఏముందో."

పళ్ళ బండి దగ్గరికి వచ్చేసరికి ఖాళీ సంచి ఒక్కసారిగా బరువెక్కింది. కోడలి భుజం వంగిపోయింది. రెండు చేతులా పట్టినా లేవలేదు. పైగా మూతి ఇంత పెద్దగా తెరుచుకుని, బండి ముందు కూర్చుంది.

"ఏంటమ్మాయ్, మీ మావగారికి కమలాలు కావాలా?" అని పళ్ళావిడ నవ్వుతూ ఒకటి వేసింది. సంచి పుచ్చుకుంది. రెండోది వేసింది. అదీ పుచ్చుకుంది. ఆరు పళ్ళు పడ్డాకే మూతి మూసింది. కోడలికి చెమటలు పట్టాయి. డబ్బు ఇవ్వకుండా వెళ్దామంటే సంచి కదలదు, పళ్ళు బయటికి తీద్దామంటే మూతి విడవదు. ఇచ్చేసింది. గుడ్ల కొట్టు దగ్గర మళ్ళీ అదే వరస, ఓ డజను. పాల దగ్గర రెండు ప్యాకెట్లు. వారం సరుకుల డబ్బు బీన్స్ గింజలు కూడా కొనకుండానే అయిపోయింది. ఇంటికి వచ్చేటప్పుడు మాత్రం సంచి దూదిలా తేలిగ్గా ఉంది. తేలిగ్గా ఉన్నకొద్దీ కోడలికి దుఃఖం ఎక్కువైంది.

అత్తగారు వాకిట్లోనే ఉంది. కోడలు ఆవిడ పక్కన కూలబడింది.

"మావయ్యగారు నా కొంప ముంచారు అత్తయ్యా. ఎవరు తింటారని ఈ పళ్ళు? ఈ నెల డబ్బు చాలదు."

అత్తగారు లేచింది. లోపలికి వెళ్ళింది. కాసేపటికి రేకుపెట్టె ఈడ్చుకుంటూ వచ్చి మళ్ళీ కూర్చుంది. అందులో రెండు చీరలు, ఊలు ఉండ, మనవరాలు వేసిన బొమ్మ.

"ఇదేంటి అత్తయ్యా?"

"సరిపోకపోతే మీ వదిన దగ్గరికి పంపుదామన్నాడుగా వాడు. నేను విన్నానమ్మాయ్. వాడి తప్పేం లేదు, నువ్వు మాత్రం ఎన్నాళ్ళని ఈదుకొస్తావు? వెళ్తాలే."

"ఆ తరవాత నేనన్నది వినలేదా?"

"ఏమన్నావు?"

"మీరెక్కడికీ వెళ్ళరన్నాను," అంది కోడలు. పెట్టె లాక్కుందామని అత్తగారి చెయ్యి పట్టుకుంది. స్వెట్టరు చెయ్యి పైకి జరిగింది. లోపల మణికట్టు కోడలి రెండు వేళ్ళ మధ్య ఇమిడిపోయి, ఇంకా చోటు మిగిలింది. నాలుగు నెలలుగా డబ్బాల్లో మిగిలిన బియ్యం ఎక్కడివో అప్పుడు తెలిసింది ఆమెకి.

"మీరు ఎవరితో తింటున్నారు అత్తయ్యా?" అంది మెల్లగా.

అత్తగారు చెయ్యి విడిపించుకుని లేవబోయింది. అప్పటికే సంచి ఆవిడ ఒళ్ళోకి చేరింది. కాటా మీద రాయి పెట్టినట్టు బరువెక్కింది. ఆవిడ లేవలేకపోయింది.

"నిన్న దీని మీద కూర్చున్నాను," అంది అత్తగారు నెమ్మదిగా. "తూచేశారు. నా ఖర్మ కాకపోతే, కాటా మనిషి మీద వెళ్ళి కూర్చున్నాను."

సంచి మూతి తెరుచుకుంది. ఒక కమలాపండు దొర్లి ఆవిడ చేతిలోకి వచ్చింది. ఆవిడ దానివంక చాలాసేపు చూసింది. కళ్ళు నిండాయి, కోపం కూడా వచ్చింది, రెండూ ఒకేసారి వచ్చాయి.

"నలభై ఏళ్ళండీ!" అని సంచిని కసిరింది. "నలభై ఏళ్ళు కాపురం చేశాను. చీటీలో లేని పండు ఒక్కటి తెచ్చిన పాపాన పోయారా? ఇప్పుడా గుర్తొచ్చింది? కోడలి డబ్బుతోనా?"

కోడలు పండు వలిచి ఒక్కో తొనా అందించింది. ఆవిడ తిట్టుకుంటూనే తింది. ఒక్కో తొనకీ సంచి కాస్త కాస్త తేలికైంది. రెండో పండు, ఒక ఉడికిన గుడ్డు, గ్లాసుడు పాలు అయ్యాక గానీ ఆవిడని లేవనివ్వలేదు.

సాయంత్రం కొడుకు వచ్చి సంగతంతా విన్నాడు. రేకుపెట్టెని ఎత్తి మళ్ళీ మంచం కిందికి తోశాడు. "ఆ మాట అన్నది నేను. అనకుండా ఉండాల్సింది అమ్మా," అన్నాడు. అతను మామూలుగా మాట్లాడేదానికి అది చాలా ఎక్కువ.

మర్నాడు అందరూ కలిసి కిరాణా కొట్టులో బస్తాలు తూచే కాటా దగ్గరికి వెళ్ళారు. అత్తగారు ముప్పై తొమ్మిది కిలోలు తూగింది. మోకాళ్ళ నొప్పులకి ఆవిడ అంతకుముందు చూపించుకున్న ఆస్పత్రి కార్డు మీద నలభై ఎనిమిదని ఉంది. ఆ కార్డే పట్టుకుని ఆస్పత్రికి వెళితే డాక్టరమ్మ పరీక్షలు చేయించి, "తిండి తప్ప ఇంకే మందూ అక్కర్లేదు. ఇంకో నెల ఇలాగే సాగి ఉంటే మంచం దిగేవారు కాదు" అంది. తిరిగొచ్చే దారంతా మనవరాలు సంచిని ఎత్తుకుని నడిచింది, తాతయ్యతో రాజీ పడిపోయినట్టు.

ఆ వారం కాగితం చింపేసి కొత్తది రాశారు. ఇన్నాళ్ళూ వాళ్ళు లెక్క వేసింది ముగ్గురి తిండికేనని కోడలికి అర్థమైంది. నలుగురికి కొలిచి వేసింది. రోజుకొక పూటైనా నలుగురూ ఒకచోట కూర్చోవాలని కాగితం పైన పెద్దక్షరాలతో రాయించింది. దానికోసం పిల్ల నిద్ర అరగంట తగ్గింది, కొడుకు భోజనం గంట ఆలస్యమైంది. అతని సిగరెట్లు కూడా పోయాయి. మానేశాడనడం కన్నా, వాటిని సంచిలో వేయబోతే మూతి బిగించుకుందనడం నిజం. ఆ నెల సరుకుల డబ్బు చాలలేదు. చాలకపోతే చాలలేదు, ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదు. పై నెల ఆరు క్యాబేజీ కూరల సాయంతో సరిపోయింది.

రెండు నెలలు గడిచాక ఒక శనివారం అత్తగారు తనూ బజారుకి వస్తానంది. చీటీలో కమలాలు రెండు అని ఉంది, మనవరాలి దస్తూరీలో. పళ్ళావిడ రెండు వేసి, మనిషి కోలుకుందన్న సంతోషంతో ఊరికే మూడోది వేయబోయింది. సంచి మూతి బిగించేసింది.

"హమ్మయ్య," అంది అత్తగారు. "మళ్ళీ మామూలు మనిషయ్యారు."

కోడలు సంచి భుజానికి తగిలించుకోబోతే ఆవిడ ఆపి, తను కుట్టిన పిడి తనే పట్టుకుంది. రెండో పిడి కోడలికి ఇచ్చింది.

"బరువేమో అత్తయ్యా."

"ఆయన బరువు నాకు కొత్తా? నడువు," అంది. ఇద్దరూ సంచిని మధ్యలో వేసుకుని, వంట ఎవరు ముందు మొదలుపెట్టాలా అని వాదించుకుంటూ ఇంటిదారి పట్టారు.