దర్వాజకు పట్టని బండి

ఈ మాట కళావతికి చెప్పింది రహీమాబీ. రహీమాబీకి చెప్పింది చిలుకమ్మ. చిలుకమ్మకు వాళ్ల చెల్లె చెప్పిందట. ఆ చెల్లెను ఇచ్చింది పరకాల అవుతలి ఊరికే, కట్టయ్య ఇంటికి నాలుగిండ్ల ఈవల.

"కట్టయ్య ఇంట్ల వడ్లాయన దూలానికి తొట్టెల కొండీలు కొడ్తాండట బేటీ. సమ్మమ్మ పక్కనే నిలవడి, ఇంక గట్టిగ కొట్టు, ఇంక గట్టిగ కొట్టు అంటాందట. పెండ్లయి పద్నాలుగేండ్లాయె. ఇప్పుడు నీళ్లోసుకున్నదా ఏంది? నీకు యారాలే గద, నీకెరుక లేదా?"

కళావతికి ఎరుక లేదు. చేతిమిషను ఆపి, పండ్ల నడుమ పట్టుకున్న దారం తీసి, "నిజమేనా బీబమ్మా?" అన్నది. తనకు ఏడో నెల. పెనిమిటి అన్న కట్టయ్య భార్య సమ్మమ్మకు గూడ కడుపైందంటే కూసున్న కాడ కూసోబుద్ధి కాలేదు.

"చిలుకమ్మ నోట్లకెల్లొచ్చిన మాటల సగం తీసెయ్యాలె. మిగిలిన సగంల కొండీలన్న ఉంటయి గదా," అన్నది రహీమాబీ. వాళ్లు కిరాయికుండే ఇల్లు ఆమెదే. కిరాయి సంగతి మరిచినా గల్లీ సంగతులు మరువదు.

సమ్మమ్మ అంటే కళావతికి పానం. దానికో కారణమున్నది. చిన్నప్పుడు జరమొచ్చి కళావతి కుడికాలు సన్నబడ్డది. అడుగడుగుకు చెయ్యి తొడ మీద ఆనిచ్చి నడుస్తది. పెండ్లయి అత్తగారింట్ల అడుగు పెట్టేనాడు దర్వాజ కాడ అందరు "కుడికాలు, కుడికాలు" అని ఒకటే ఒర్లుడు. ఆ కాలు గడప మీదికి లేవది. కొత్తపెండ్లికూతురు తల వంచుకొని అట్లనే నిలవడ్డది. అప్పుడు సమ్మమ్మ వచ్చి నడుము చుట్టూ చెయ్యేసి, "ఏ కాలైతేంది, మనిషి లోపటికి రావాలె," అని ఎత్తినట్టే లోపటికి తోల్కపోయింది. ఆ చెయ్యిని కళావతి మరువలే.

పొద్దుగూకంగ పెనిమిటి ఎల్లస్వామి ఆఫీసు నుంచి వచ్చి సైకిలు గోడకానిచ్చిండో లేదో, ఈ ముచ్చట ముందల పెట్టింది.

"ఊరోళ్లకేం పని? తలుపులు బాగు చేపిస్తాండ్రు. మిగిలిన ఇనుముతోటి కొండీలు కొట్టిచ్చుకున్నరేమో, ఉల్లిగడ్డల బుట్ట ఏలాడేసుకోనీకి."

"ఉల్లిగడ్డలకు అంత గట్టి కొండీలెందుకు?"

"మా వదినెకు అన్ని గట్టిగనే ఉండాలె."

కళావతి నవ్వింది. వదినె సంగతి నిజమే మరి.

ఇగ బండి కథ. కిలో రెండు రూపాయల బియ్యం వచ్చిన ఏడది. కళావతి కడుపుతోటున్నదని తెల్సిన కాడినుంచి అత్తగారి దిక్కు, అవ్వగారి దిక్కు అందరిదీ ఒక్కటే ప్రశ్న. ఒక చెయ్యి కాలుకే పాయె, మరి పిల్లను ఎట్ల ఎత్తుకుంటది? ఎదుట కొందరు, చాటుకు కొందరు అడిగిండ్రు. చాటుకు అడిగినోళ్లే ఎక్కువ. కళావతి తనను తాను గూడ అడుక్కున్నది. జవాబు కాజీపేటల దొరికింది.

రైల్వే క్వార్టర్లల్ల ఒక గార్డు భార్య ఉండె. ఆమె బిడ్డలకు కళావతి ఫ్రాకులు కుడ్తది. కొలతలు తీసుకోను పోయిననాడు అరుగు మీద పిల్లల బండి కనబడ్డది. అసొంటిది కళావతి అంత దగ్గరినుంచి చూసుడు అదే మొదలు. గార్డు భార్య నవ్వి, "పట్టుకొని చూడు," అన్నది. కళావతి పిడి పట్టుకొని అరుగు ఆ కొస నుంచి ఈ కొసకు నడిచింది. కొసకొచ్చినంక గాని సమజు కాలేదు, తన చెయ్యి ఒక్కసారి గూడ తొడ మీదికి పోలేదని. కాలు బరువంతా పిడి మోసింది. పిల్లకు బండి, తనకు చేతికర్ర. ఆ సంబురంల కొలతల టేపు అక్కడనే మరిచి ఇంటికొచ్చింది.

"నాకు సొమ్ములొద్దు, చీరెలొద్దు. పిల్లకు బండి కావాలె," అన్నది ఎల్లస్వామితోటి.

ఎల్లస్వామి ఏది అడిగినా ముందుగాల "చూద్దాం తియ్" అనే మనిషి. ఆనాడు మాత్రం "కొందాం" అన్నడు. మల్ల తానే, "మంచిది కొందాం. గట్టిది," అన్నడు.

ఐతారం నాడు చౌరస్తల ఒక దుకానం పోయిండ్రు. బొంబాయి మాలని దుకానపాయన తీసి చూపిచ్చిండు. అల్కటి బండి, చిన్న గీరెలు, ముడిస్తే గొడుగు లెక్క ముడుసుకుంటది. పిడి కరెక్టు కళావతి చేతికందే ఎత్తుల ఉన్నది. దుకానంల ఇటుకెల్లి అటు నడిచి మల్లొచ్చింది. దుకానానికొచ్చిన ఇద్దరు మనుషులు తన కాలు చూస్తాండ్రని తెల్సు. చూడనీ అనుకున్నది. ఆనాడు వాళ్లు చూసుడు ఆమెకు ఏమనిపియ్యలే.

"ఇది కొందాం."

ఎల్లస్వామి చెప్పు కొసతోటి గీరెను తన్ని చూసిండు. "ఇవేం గీరెలు? గింతంతున్నయి. మట్టిల దిగవడ్తయి."

"మట్టి యాడిది? మన గల్లీ నిండ షాబాదు బండలే గద."

"అక్క చెప్పేది కరెక్టే అన్నా, పట్నంల అందరు ఇవే కొంటాండ్రు," అన్నడు దుకానపాయన.

"నువ్వు అమ్మేటోనివి, నువ్వు గట్లనే అంటవు," అని ఎల్లస్వామి బయటికి నడిచిండు.

ఆ నెలల్నే గార్డుకు బదిలీ అయ్యింది. సామాను ఎల్లగొడ్తాండ్రు, బండి కావాల్నంటే తీస్కపోన్రని ఆమె కబురు పెట్టింది. ఎల్లస్వామి ఆఫీసుకు సెలవు పెట్టి మరీ వచ్చిండు. ఆ బండి గీరెలు సైకిలు గీరెల లెక్క పెద్దయి, పుల్లలతోటి. పైన నల్లటి టోపు. లేపాల్నంటే ఇద్దరు కావాలె. కళావతి మెడల టేపు తీసి అడ్డంగ పెట్టి కొలిసింది. దర్జీ మనిషి, తన ఇంటి దర్వాజ కొలత ఆమెకు నోటికే ఉన్నది.

"ఇది మన దర్వాజకు పట్టది. నాలుగు వేళ్ల వెడల్పు ఎక్కువున్నది."

"పట్టకుంటే అప్పుడు చూద్దాం."

"చూసేదేమున్నది? టేపు చెప్తనే ఉన్నది గద."

"ఇది ఏండ్లకేండ్లు ఉంటది కళా. కచ్చ తొవ్వల గూడ మంచిగ పోతది."

"కచ్చ తొవ్వల ఎవలు తోల్తరు?"

ఎల్లస్వామి వినలేదో, విననట్టు చేసిండో. బండి పక్కన గొంతుక్కూసొని గీరె పుల్లలు ఒక్కొక్కటి ఒత్తి చూడబట్టిండు. ఏది వదులుగున్నది, ఏది గట్టిగున్నది, బొటనవేలితోటి మెల్లగ ఒత్తుకుంట. కళావతి నిలవడి చూసింది. పెండ్లయిన కాడినుంచి ఈ మనిషి తన కాలు గురించి ఒక్క మాట అనలే, మంచి అనలే, చెడు అనలే. ఇప్పుడు తన కోసం పుల్ల పుల్ల ఒత్తి చూస్తాండు. దర్వాజ సంగతి ఇగ ఎత్తలే. పట్టకుంటే అరుగు మీద పెట్టుకుందాం, ఏమాయె.

అయితే ఒక్కటి మాత్రం గట్టిగ చెప్పింది. "ఇప్పుడే ఇంట్లకు తేవద్దు. పుట్టకముందు పిల్ల సామాను ఇంట్లుంటే కీడు. యాడనన్న పెట్టు, పుట్టినంక తెచ్చుకుందాం."

ఇంటికొచ్చి చెప్తే, "మా ఎనుక అర్ర ఖాళీగనే ఉన్నది," అన్నది రహీమాబీ.

"వద్దు బీబమ్మా, ఎలుకలు కొడ్తయి. మా అన్న ఇంట్ల పెడ్త," అన్నడు ఎల్లస్వామి. అనుడే కాదు, తెల్లారి పరకాల బస్సు టాపు మీద తాళ్లేసి కట్టి పంపిచ్చిండు గూడ.

"పక్కన జాగుండంగ పరకాల దాక ఎందుకు పంపుతాండు బేటీ? ఎలుకలు ఊర్లె ఉండయా?" అన్నది రహీమాబీ.

"అన్న ఇల్లంటే మన ఇల్లే గద బీబమ్మా," అన్నది కళావతి.

తొమ్మిదో నెల పడంగనే స్టేషన్ ఘన్‌పూర్ పక్కనున్న అవ్వగారి ఊరికి పురుటికి పోయింది. ఆడపిల్ల పుట్టింది. నల్లటి జుట్టు, ఏడిస్తే వాడ మొత్తం ఇనాలె. పిల్ల కండ్లు తెరిసి చూస్తాంటే కళావతి పాత ఫ్రాకుల ముక్కలు ఒకదానికొకటి కలిపి బొంత కుట్టింది. కొలత బండిదే. ఆనాడు టేపు పెట్టినప్పుడు లోపటి కొలత గూడ చూసి పెట్టుకున్నది. తొట్టెలల ఏసే ఇరవై ఒకటో రోజు ఎల్లస్వామి బండి తెస్తడు, అండ్ల బొంత పరువాలె, పిల్లను పండవెట్టాలె, అవ్వ ఇంటి ముందల వాడ పొడుగూత నడువాలె. ఎవలెవలు చాటుకు అడిగిండ్రో వాళ్లందరి గుమ్మాల ముందలకెల్లి.

ఆ రోజు రానే వచ్చింది. ఎల్లస్వామి వచ్చిండు, కట్టయ్య వచ్చిండు, సమ్మమ్మ వచ్చింది. సమ్మమ్మ చేతుల నిండ సామాను, పిల్లకు మురుగులు, మొలతాడు, కొత్త గుడ్డలు. పిల్లను చూసి, "నా తల్లీ, నా తల్లీ" అనుకుంట ఏడ్వనే ఏడ్చింది. కళావతి వాళ్ల ఎనుక చూసింది. దర్వాజ కాడ చెప్పులు తప్ప ఏం లేవు.

అమ్మలక్కలు తొట్టెల కట్టిండ్రు. ఖాళీ తొట్టెల ఊపద్దు గనక ముందుగాల మసాల నూరే పొత్రానికి పసుపు రాసి, గుడ్డ చుట్టి, అండ్ల పండవెట్టి పాట మొదలు పెట్టిండ్రు. పాట అయినంక పొత్రం తీసి పిల్లనెయ్యాలె. కళావతి పిల్లను ఒళ్లె పెట్టుకొని ఉండవట్టలేక అడిగింది.

"అక్కా, బండి తేలే?"

"ఎందుకే చెల్లె? ఇయ్యాల తెచ్చి రేపు మల్ల మోసుకపోవుడెందుకు?" అన్నది సమ్మమ్మ పిల్ల అరికాలు ముద్దు పెట్టుకుంట. "ఇంటికాడ మంచిగ నూనె ఏసి పెట్టిన. మీ బావ మొన్న తోలి చూసిండు. మా దర్వాజలకెల్లి ఎడ్లబండే పోతది, ఇదెంత? బోరింగు కాడి దాక కచ్చ తొవ్వల గడగడ లేకుంట పోయింది."

"రేపు యాడికి?"

"ఇంటికి. పిల్లను తీస్కొని." సమ్మమ్మ తలెత్తి చూసింది. ఆమె మొఖంల నవ్వు ఇంక పోలేదు. "పాలకు ఫికర్ లేదే, రెండు బర్లు ఈనినయి. నీకు మనసైనప్పుడల్ల రా, చూసుకో. పిల్లగాడయితేంది, పిల్లయితేంది, నువ్వు పెద్ద మనసు చేసినవు. 'నా కాలుతోటి నేను సాదలేను, మొదటి పిల్లతోటి అక్క ఒడి నిండనీ' అన్నవట గద. ఎల్లన్న వచ్చి చెప్పిననాడు నీ పేరు మీద దీపం పెట్టిన చెల్లె."

"ఎన్నడు చెప్పిండు?"

"నీకు మూడో నెలుండంగ."

అంటే కాజీపేట అరుగు కన్న ముందు. చౌరస్త దుకానం కన్న ముందు. కళావతి ఎల్లస్వామి దిక్కు చూసింది. ఎల్లస్వామి తొట్టెల తాళ్ల దిక్కు చూస్తాండు. గొంతుక్కూసొని గీరె పుల్లలు ఒత్తి చూసిన బొటనవేలు ఆ తాడును ఒత్తుతాంది. ఆనాడు తన కాలు కోసమనుకున్నది. అన్న ఊరి తొవ్వ కోసం ఒత్తి చూసిండు. దర్వాజకు పట్టదని టేపు చెప్తాంటే వినంది గూడ అందుకే. ఆ బండి ఏ దర్వాజలకెల్లి పోవాల్నో ఆయనకు ముందే ఎరుక. కొండీలు గూడ ఉల్లిగడ్డలకు కాదు. పుట్టకముందు ఇంట్ల పెట్టద్దు, యాడనన్న పెట్టు అని తన నోటితోనే అన్నది. బండిని తానే సాగదోలింది.

"అవ్వా, నీకెరుకనా?"

కళావతి తల్లి పూలమ్మ పసుపు చేతులు కొంగుకు తుడుసుకుంటనే ఉన్నది. తుడిసిన చేతులే మల్ల తుడిసింది. "నీ మంచికే బిడ్డా. ఒక్కదానివి ఎట్ల సాదుతవు? పై వాళ్లకా ఏంది ఇచ్చేది? మల్ల పుడతరు తియ్."

పాట పాడినోళ్లు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. సమ్మమ్మ పిల్ల అరికాలు పట్టుకున్న చెయ్యి మెల్లగ తీసింది. "ఎల్లన్నా, చెల్లెకు నువ్వు చెప్పలేదా?"

"చెప్దామనే అనుకున్న వదినె. పుట్టినంక చెప్తే సమజైతదని..." అని ఎల్లస్వామి గొంతు సవరించుకున్నడు. "ఆ కాలుతోటి ఈమె ఎట్ల ఎత్తుకుంటది? మీరే చెప్పుండ్రి."

పెండ్లయిన ఇన్నేండ్లకు కాలు గురించి మొదటి మాట అన్నడు. నలుగురి ముందల అన్నడు.

సమ్మమ్మ తెచ్చిన మురుగులు ఒళ్లె పెట్టుకొని చూసుకుంట కూసున్నది. కట్టయ్య మాత్రం రుమాలు భుజమ్మీదికి సదురుకొని ముందలికొచ్చిండు. "ఇది ఆడోళ్ల ముచ్చట కాదు. నేను నాగలి పట్టుకుంటేనే వీడు పలక పట్టుకున్నడు. తమ్మీ, పదిమందిల చెప్పు, మాటిచ్చినవా లేదా?"

"ఇచ్చిన," అన్నడు ఎల్లస్వామి నేల చూసుకుంట.

"ఇన్నవా కళావతీ? ఇచ్చిన మాట ఇచ్చినట్టే. ఊరందరికి చెప్పుకొని వచ్చినం. ఇప్పుడు మేం ఉత్తచేతులతోటి పోవాల్నా?"

తొట్టెలల పసుపు రాసిన పొత్రం అట్లనే పండుకొని ఉన్నది. కళావతి బొంత ఇప్పి ఒళ్లె పరుచుకొని, పిల్లను అండ్ల పండవెట్టి, రెండు దిక్కుల అంచులు లోపటికి మడిసింది.

"ఉత్తచేతులతోటి ఎందుకు బావా? మాటిచ్చినోన్ని తీస్కపోన్రి. బండి పెద్దదే, నేనే కొలిసిన, పడ్తడు."