ప్రవచనాల వేడి

"అబ్బా, పెనంలా కాలిపోతోందే! ఇవాళ గట్టిగానే విన్నట్టున్నావు" అన్నాడు వెంకటేశ్వరరావు, ల్యాప్‌టాప్ మీద పెట్టిన అరచెయ్యి చటుక్కున తీసేసి.

కామేశ్వరి వంటింట్లో టీ వడపోస్తూ "ఆఁ" అంది. అంతకంటే చెప్పాల్సిన అవసరం ఆమెకు ఎప్పుడూ రాలేదు. మిగతాదంతా ఆయనే చెప్పుకునేవాడు. ఒక చేత్తో టీ కప్పు అందుకుని, రెండో చేత్తో ఫోన్ చెవికి ఆనించి, "విన్నావుటయ్యా చక్రపాణీ, మీ చెల్లెమ్మ సంగతి! మధ్యాహ్నం కునుకు కూడా మానేసి ప్రవచనాలు వింటోంది. మిషను కాలిపోవాలే గానీ మనిషి లేవదు" అని స్నేహితుడికి చెప్పి మురిసిపోయాడు.

ఆ మురిపెం ఆమెకు కొత్త. పెళ్ళయిన నాటి నుంచి ఆయన నోట విన్న పెద్ద మెప్పు "ఉప్పు సరిపోయింది" అన్నదే. అత్తగారు మంచాన పడి ఉన్నన్నాళ్ళూ ఒళ్ళు తుడిచింది, పక్కబట్టలు మార్చింది, ముద్ద కలిపి పెట్టింది తనే. ఆవిడ పోయాక పరామర్శకొచ్చిన చుట్టాలు "వెంకటేశ్వరరావు తల్లిని ఎంత బాగా చూసుకున్నాడో" అనుకుంటుంటే, వాళ్ళకు కాఫీ కలుపుతూ వంటింట్లోంచి విన్నది. అప్పుడేమీ అనిపించలేదు. ఇప్పుడు, చేయని పనికి ఇంత మెప్పు దొరుకుతుంటే, అప్పటిది గుర్తొచ్చి నవ్వొస్తోంది. ఎందుకంటే ఆమె ప్రవచనాలు వినడం మానేసి నెలలయింది. మధ్యాహ్నాలు ఆమె లారీ నడుపుతోంది.

ఆ ల్యాప్‌టాప్ కొడుకు ఆదిత్యది. వాడు కొత్తది కొనుక్కున్నాక పాతదాంట్లో ప్రవచనాలు ఎలా పెట్టుకోవాలో వెంకటేశ్వరరావే భార్యకు నేర్పాడు. "ఇంట్లో ఊరికే కూర్చునే బదులు నాలుగు మంచి మాటలు చెవిన పడతాయి" అన్నాడు. ఊరికే కూర్చోవడం అంటే ఏమిటో ఆమె అడగలేదు. కొడుక్కీ కోడలికీ డబ్బాలు కట్టి, ఆయనకు వేడివేడిగా టిఫిను పెట్టి, వంట చేసి, వడ్డించి, గిన్నెలు కడిగి, ఆరిన బట్టలు మడతపెట్టాక, ఆయన కాలనీ సంఘం ఆఫీసుకు వెళ్ళి టీ వేళకు తిరిగొచ్చే లోపల మిగిలే కాస్త సమయం కాబోలు అది.

ఒకనాడు వేలు జారి తెర మీద వేరే బొమ్మ మీద పడింది. ఆదిత్య ఎప్పుడో పెట్టుకుని మరిచిపోయిన ఆట. ఏదో చలి దేశం. ఖాళీ రోడ్డు, రెండు పక్కలా తడిసిన చెట్లు, అద్దం మీద వాన. పైకి చూపే బాణం మీట నొక్కింది. లారీ కదిలింది. అంత పెద్ద లారీ, తను నొక్కితే, కదిలింది.

మొదట్లో స్తంభాలను గుద్దింది, గోడలను గుద్దింది, ఒకసారి వంతెన మీంచి నదిలోకే దింపింది. అయినా వదల్లేదు. వెనక తగిలించిన పొడవాటి పెట్టెను గోడౌన్ గుమ్మంలోకి వెనక్కి నడిపించడం అన్నిటికన్నా కష్టం. పెట్టె కుడికి పోవాలంటే లారీని ఎడమకు తిప్పాలని ఎవరూ చెప్పలేదు, గుద్దీ గుద్దీ తనే కనిపెట్టింది. అది మొదటిసారి సరిగ్గా గుమ్మంలో కూర్చున్న రోజున కామేశ్వరి కుర్చీలోంచి లేచి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ వచ్చి దాన్నే చూస్తూ కూర్చుంది. అరవై ఏళ్ళు దగ్గరపడుతున్న మనిషి, మోకాళ్ళు సహకరించని మనిషి, కొత్త విద్య ఒకటి పట్టుబట్టి నేర్చుకుంది. చూసి మెచ్చుకోడానికి గదిలో ఎవరూ లేరు. తనే మెచ్చుకుంది.

పెళ్ళయిన కొత్తలో స్కూటరు నేర్చుకుంటానంటే ఆయన నవ్వి, "నేనుండగా నీకెందుకే ఆ శ్రమ" అన్నాడు. ఆ మాటలో ప్రేమ ఉంది. ప్రేమ ఉండబట్టే ఎదురు చెప్పడానికి ఏమీ దొరకలేదు.

ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని నడిపేది. పాతది కావడంతో కాసేపటికే హోరుమనేది, చీర కుచ్చిళ్ళలోంచి తొడలకు వేడి తగిలేది. ఆ వేడి ఆమెకు ఇష్టంగా ఉండేది. ఇంట్లో వేడి వస్తువులన్నీ ఎవరికో ఒకరికి వడ్డించాల్సినవే. ఒళ్ళో ఇంత వెచ్చగా ఉండి, తనను ఏమీ అడగనిది ఇదొక్కటే.

ఒకరోజు ఆయన ముందుగా వచ్చేశాడు. ఆమె గబుక్కున మూత వేసింది. ఆయన దానిమీద చెయ్యివేసి, "ఏమిటే ఇంత వేడి?" అని, ఆమె నోరు విప్పేలోగా తనే, "ప్రవచనాలా? ఇంతసేపు విన్నావా!" అన్నాడు. అబద్ధం ఆమె ఆడలేదు. ఆయనే ఆడిపెట్టాడు. ఆమె తల ఊపింది, అంతే.

ఈ సంగతి మొదట తెలిసింది వెనక వీధి దుర్గాబాయికి. కుట్టిన జాకెట్లు ఇవ్వడానికి వచ్చి, తలుపు తోసుకుని లోపలికొచ్చింది.

"గిదేంది వదినా! లారీ నడుపుతున్నవా?"

"మెల్లగా మాట్లాడు తల్లీ."

"మెల్లగనే అంటున్న. ఎటు పోతున్నవ్? గా ముంగట బండి ఆగింది, సూడు సూడు... బ్రేకెయ్యి జల్దీ!" అంటూ దుర్గాబాయి ఆమె భుజం పట్టుకుంది. లారీ ఆగాక ఊపిరి తీసుకుని పక్కనే కూలబడింది. "మా ఆయన ఓదెలు నాగ్‌పూర్ దాంక లారీ తోలుతడు. నన్ను ఒక్కపారి గూడ ఎక్కించుకోలె వదినా. ఆడోళ్ళెక్కితె బండికి మంచిది గాదంట. ఆయన బట్టలల్ల డీజిల్ మరకలు మాత్రం నేనే పిండాలె. నువ్వు మస్తు నడుపుతున్నవ్ పో."

కోడలు సుప్రజకు తెలిసింది ఇంకో విధంగా. సెలవురోజు సాయంత్రం ఏదో పనికి ఆ ల్యాప్‌టాప్ తీసి, అడుగున చెయ్యి పెట్టి చూసింది. హాల్లో మామగారు పేపరు చదువుతున్నాడు. సుప్రజ వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించింది.

"అత్తయ్యా, వీడియోలు చూస్తే ఇది ఇంత కాలదు."

కామేశ్వరి చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఆటలాడితేనే కాలుతుంది" అంది సుప్రజ. తర్వాత ఆమె అడిగినది కామేశ్వరి ఎదురుచూసినది కాదు. "ఎంత దూరం వెళ్ళారు?"

"సముద్రం దాటించాను. ఓడలోకి ఎక్కించి" అంది కామేశ్వరి సిగ్గుపడుతూ.

"నాకు మొదటి ఊరే దాటడం రాలేదు అత్తయ్యా. మీ అబ్బాయైతే మధ్యలోనే వదిలేశాడు" అని కోడలు ఆమె వైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "ఒళ్ళో పెట్టుకోకండి, కింద గాలి ఆడక మొరాయిస్తుంది. చిన్న ఫ్యాన్లున్న పీట దొరుకుతుంది, నేను తెస్తాను."

మర్నాడు తెచ్చింది. మామగారు ఇదేమిటంటే "అత్తయ్య ప్రవచనాలకి" అంది మొహం తిప్పుకుని. ఆయన ఆ పీటను చూసి కూడా మురిశాడు.

ఇలాగే సాగిపోయేదేమో. కార్తీకమాసంలో శామీర్‌పేట దగ్గరి మామిడితోటకు కాలనీవాళ్ళంతా వనభోజనాలకు బయల్దేరే ముందురోజు, వెంకటేశ్వరరావు హుషారుగా ఇంటికొచ్చాడు.

"రేపు ఆడవాళ్ళ తరఫున నువ్వు నాలుగు మాటలు చెప్పాలి. అందరికీ చెప్పేశాను. అంతేకాదు, ఎల్లుండి నుంచి రోజూ మధ్యాహ్నం మూడింటికి మన హాల్లోనే సత్సంగం. నువ్వు విన్నవన్నీ వాళ్ళకు చెబుదువుగాని. టీలు కూడా మనమే ఇద్దాం."

"రోజూనా?"

"నువ్వెలాగూ ఆ టైముకు ఖాళీయేగా!"

ఆ సాయంత్రమంతా కామేశ్వరి ఆలోచిస్తూనే ఉంది. ధ్రువుడి కథ చెప్పడం ఎంతసేపు? చిన్నప్పటి నుంచి విన్నదే. చెబితే కాలనీ అంతా చేతులు జోడిస్తుంది, ఆయన కాలర్ ఎగరేస్తాడు, తన మధ్యాహ్నం మాత్రం పోతుంది. చెప్పకపోతే ఆయన పరువు పోతుంది, బతుకులో మొదటిసారి దొరికిన మెప్పు పోతుంది. మధ్యాహ్నమూ దక్కకపోవచ్చు. ఆమెకు ఒక సంగతి అర్థమైంది. ఇన్నాళ్ళూ ఆ సమయాన్ని ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదంటే, అది తనదని కాదు. దేవుడిదనుకుని.

తోటలో ఉసిరిచెట్టు లేదని ఒక కొమ్మ తెచ్చి మట్టిలో గుచ్చి పూజ చేశారు. విస్తళ్ళు తీసేశాక వెంకటేశ్వరరావు మైకు పట్టుకుని భార్య గురించి చాలాసేపు చెప్పాడు. ల్యాప్‌టాప్ ఎలా కాలిపోతుందో చెయ్యి విదిలించి మరీ చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కామేశ్వరి లేచింది. ముందు వరుసలో సుప్రజ ఉంది. చాపల చివర, చేతులు తుడుచుకుంటూ దుర్గాబాయి ఉంది. మిగతా ఆడవాళ్ళంతా వంటలు చేసి, వడ్డించి, అప్పుడే నడుములు వాల్చినట్టు కూర్చున్నారు.

మైకు బరువుగా ఉంది.

"మావారు చెప్పింది ఆయన నమ్మిందే. కానీ నేను ప్రవచనాలు వినడం లేదు. మధ్యాహ్నం పూట నేను ఆడుకుంటున్నాను."

కొందరు నవ్వారు, చమత్కారమేమోనని. ఆమె నవ్వలేదు. లారీ సంగతి చెప్పింది. వానలో రోడ్డు ఎలా మెరుస్తుందో చెప్పింది. పెట్టెను వెనక్కి పెట్టడానికి ఎన్నిసార్లు గోడను గుద్దిందో, ఎలా కుదిరిందో గాలిలో చేతులు తిప్పి చూపించింది. నవ్వులు ఆగిపోయాయి. ఒకావిడ మెడ చాచి ఆ చేతుల వైపే చూస్తోంది.

వెంకటేశ్వరరావు మొహం కందిపోయింది. దగ్గరికొచ్చి, అందరికీ వినపడనట్టు "ఇక చాల్లే, ఇటివ్వు" అని మైకు కోసం చెయ్యి చాచాడు.

"ఉండండి. నాదింకా అయిపోలేదు" అంది కామేశ్వరి. ఆ మాట మైకులోంచి తోటంతా వినపడింది. ఆయన చెయ్యి అలాగే ఉండి, తర్వాత కిందికి దిగింది. ఆయన అక్కణ్ణుంచి వెళ్ళలేదు. పక్కనే నిలబడ్డాడు.

ఆమె చాపల వైపు తిరిగింది.

"రేపు మూడింటికి మా ఇంట్లో సత్సంగం లేదు. ఆడుకోవాలని ఉన్నవాళ్ళు రండి. ల్యాప్‌టాప్ ఒక్కటే ఉంది, వంతులు వేసుకుందాం."